మూడు వేళ్ళ కోసం పది రోజులు

నాలుగు రోజుల్లో వచ్చేస్తానని చెప్పి హైదరాబాదు వెళ్ళి పది రోజులున్నాను. తిరిగొచ్చాక కాకినాడలో కనిపించిన ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న: “ఆ గొడవల్లో ఎలా ఉన్నారండీ? ఎవరైనా ఏమైనా అన్నారా?” ఎవరూ ఏమీ అనలేదు. అన్నం పెట్టారు. ఒకామె మాత్రం గట్టిగా కసిరింది. అదీ నేను ఆంధ్ర మనిషినని కాదు, డాక్టర్నని. అడిగినవాళ్ళకల్లా అప్పుడు మొదటినుంచీ చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

నేను ప్లాస్టిక్ సర్జన్ని. ఆ మాట వినగానే జనం ముక్కులూ పెదవులూ అనుకుంటారు. నా దగ్గరికొచ్చేది కాలినవాళ్ళు, రోడ్డు మీద పడి చర్మం పోగొట్టుకున్నవాళ్ళు. అందరూ పెద్దవాళ్ళే. పిల్లలకు చర్మం ఆపరేషన్లు చెయ్యడం మానేసి ఆరేళ్ళయింది. అంతకుముందు ఒక మూడేళ్ళ బాబు మెడకు నేను అతికిన చర్మం పట్టలేదు. పిల్లల్లో ఒక్కోసారి అంతేనన్నారు అందరూ. నేనూ అవునన్నాను. కానీ ఆ తర్వాత ఏ తల్లి బిడ్డనెత్తుకుని వచ్చినా విశాఖపట్నానికి ఉత్తరం రాసిచ్చి పంపేశాను.

సునీత నాతో కలిసి చదువుకుంది. కొండాపూర్‌లో ఒక చిన్న పిల్లల ఆసుపత్రిలో సరిగ్గా నేను మానేసిన పనే చేస్తుంది. స్నానాలగదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుని ఫోన్ చేసింది.

“ఒక్క పాపే. మూడుసార్లు వాయిదా వేశాను. ఇంక వాళ్ళకి మొహం చూపించలేను. నువ్వొచ్చి చెయ్యి, నేను పక్కన నిలబడతాను.”

“హైదరాబాదు మొత్తమ్మీద సర్జన్లే లేరా?”

“ఉన్నారు. వీళ్ళు వెళ్ళగలిగిన చోట లేరు. నీ చెయ్యి నాకు తెలుసు, రా.”

రానని చెప్పడానికే నోరు తెరిచాను. ఎప్పుడు రమ్మంటావని అడిగాను.

చౌటుప్పల్ ముందు

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలై అప్పటికి రెండు వారాలు దాటింది. తెలంగాణలో ప్రభుత్వ బస్సులు కదలడం లేదు, బళ్ళు తెరవడం లేదు. విజయవాడలో పొద్దున్నే ప్రైవేటు బస్సెక్కాను. చౌటుప్పల్ ఇంకా రాకముందే బస్సు ఆగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు. దిగి చూస్తే జాతీయ రహదారికి అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. వంటావార్పు అంటారని పేపర్లో చదివాను గాని ఇంత పెద్ద గుండిగలుంటాయని అనుకోలేదు. ఒక పక్క మైకులో పాట, ఒక పక్క ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్ళు, నడుమ నీడలో పోలీసులు.

గంట గడిచింది. మర్నాడు చూడవలసిన పాప చెయ్యి గురించి ఆలోచిస్తూ బస్సు చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాను. నుదుట రూపాయి కాసంత బొట్టు పెట్టుకున్న ఒక పెద్దామె గరిటె ఊపి పిలిచింది.

“ఓ బిడ్డా, ఎంతసేపు తిరుగుతవ్? కూసొని తిను. ఏ ఊరు మీది?”

కాకినాడ అని నోటిదాకా వచ్చింది. “ఖమ్మం” అన్నాను.

“ఖమ్మంల ఏడ? మా చెల్లెను గాడనే ఇచ్చినం.”

ఖమ్మంలో నాకు తెలిసింది ఒక్కటే. “బస్టాండు దగ్గరండి.”

ఆమె నన్ను ఎగాదిగా చూసి పక్కావిడ భుజం మీద చరిచి నవ్వింది. “అండి అంటున్నది సూడే. ఆంధ్ర అని చెప్తె అన్నం పెట్టనా బిడ్డా? పో, విస్తరి తెచ్చుకో పో.”

సిగ్గుపడుతూ విస్తరి తెచ్చుకుని కూర్చున్నాను. అన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు. మా వైపు పులుసంటే ముక్కలు వేసి గంటసేపు మరగాలి. ఇక్కడ చింతపండు నీళ్ళలో ఉల్లిపాయా, కాల్చిన మిరపకాయా నలిపి పోసేశారు, పొయ్యి ఎక్కించనే లేదు. ఇదేం పులుసు అనుకుంటూ మొదలుపెట్టి, రెండోసారి పోయించుకున్నాను. దారి తెరిచేసరికి మరో గంట పట్టింది.

కొండాపూర్

బస్సు ఎల్బీనగర్‌లో దించేసింది. అక్కణ్ణించి కొండాపూర్‌కి ఆటో అతను ఆరు వందలు అడిగాడు. మా ఊళ్ళో ఆ డబ్బుకు కారు మాట్లాడుకుని అన్నవరం వెళ్ళొచ్చు. బేరమాడితే, “సమ్మె ఉన్నది మేడం. నేను గూడ సమ్మెల ఉన్న, మీ కోసం తోల్తున్న” అన్నాడు. అడిగినంతా ఒప్పుకుని ఎక్కాను.

హైటెక్ సిటీ చూడనివాళ్ళు అడుగుతారు, ఎలా ఉంటుందని. అద్దాల మేడలు, వాటి మధ్య ఇంకా కొట్టని బండరాళ్ళు. ఆ రాళ్ళ పక్కనే ఒకామె గంప దించుకుని సీతాఫలాలు అమ్ముతుంది. మెళ్ళో కార్డులు వేలాడే పిల్లలు బేరం చెయ్యకుండా కొనుక్కుపోతారు. మా ఊళ్ళో బంద్ అంటే షట్టరు సగం దించి లోపల అమ్ముకోవడం. అద్దాలకు షట్టర్లుండవు కాబట్టి ఇక్కడ ప్రతి గేటు ముందూ పోలీసు వ్యాను నిలబడింది. ఆఫీసు బస్సులు కిటికీ తెరలు దించుకుని వెళుతున్నాయి.

సునీత చేతికి కట్టు, నోటికి మాత్రం విరామం లేదు. “నీకు పెసరట్టు చేయిద్దామంటే వంటమనిషి రాలేదు. ఆటోలు లేవుట. రేపు పాపని చూస్తావుగా, నచ్చకపోతే చెప్పెయ్” అంది. నచ్చడమేమిటని విసుక్కున్నాను. నా భయం దానికి తెలుసు. దానికి తెలుసునని నాకూ తెలుసు.

అఖిల

పాప పేరు అఖిల. ఆరేళ్ళు. తండ్రి యాదగిరి ప్రభుత్వ బస్సు డ్రైవరు, సమ్మెలో ఉన్నాడు. తల్లి మణెమ్మ. జీడిమెట్ల నుంచి ముగ్గురూ ఒకరిని అడిగి తెచ్చుకున్న మోటారు సైకిలు మీద వచ్చారు. నగరంలో బస్సులు నడిపేవాడి కూతురికి బస్సు లేదు.

నడక నేర్చిన కొత్తలో అఖిల జొన్నరొట్టెల పెనం మీద కుడి చెయ్యి ఆనించింది. పుండు మానింది గాని, మానుతూ మానుతూ చర్మం బిగుసుకుపోయింది. నడి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు మూడూ అరచేతిలోకి ముడుచుకుని అతుక్కుపోయాయి. బొటనవేలూ చూపుడువేలూ మాత్రం ఆడతాయి. ఆ రెండింటితోనే గుండీ పెట్టుకుంటుంది, పలక బలపం పట్టుకుంటుంది. అన్నం మాత్రం ఎడమ చేత్తో తింటుంది. అదొక్కటే మణెమ్మ బాధ.

“పెండ్లిళ్ళకు తోల్కపోతలేను మేడం. అందరు దాని చెయ్యి దిక్కే సూస్తరు.”

నేను అఖిల చెయ్యి పట్టుకుని ముడుచుకున్న వేళ్ళ సందుల్లోకి చూశాను. అక్కడ చెమట పట్టి పాచివాసన వస్తోంది. చెయ్యి లాక్కుని వీపు వెనక దాచుకుంది.

“కోస్తవా?” అంది.

“నువ్వు నిద్రపోయాక.”

“నేను నిద్రపోను.”

మచ్చను కోసి వేళ్ళు విడదియ్యాలి. ఖాళీ అయిన చోట గజ్జల దగ్గరనుంచి తీసిన చర్మం పెట్టి కుట్టాలి. కొత్త చర్మం కింద రక్తం నిలిచినా, చీము పట్టినా, పాప చెయ్యి కదిపినా నల్లబడి ఊడిపోతుంది. పట్టిందో లేదో ఐదో రోజు కట్టు విప్పేదాకా తెలియదు. పిల్లల చర్మం తడిసిన కాగితంలా ఉంటుంది. దారం ఒక్క పిసరు గట్టిగా లాగితే చిరుగుతుంది. ఇదంతా వాళ్ళకు చెప్పాను. మెడ బాబు సంగతి చెప్పలేదు.

యాదగిరి అంతా విని, “మీది ఆంధ్రనా మేడం?” అన్నాడు.

మళ్ళీ ఖమ్మం పేరెత్తదలచుకోలేదు. “అవునండి. కాకినాడ.”

“గంత దూరం కెళ్ళి వచ్చిండ్రా, గీ రోడ్లల్ల?” అన్నాడు. “రాష్ట్రం ఇస్తె మీకు కోపమేనా?”

“మా ఊళ్ళో చాలామందికి కోపమే. హైదరాబాదు పోతుందని.”

అతను కిటికీలోంచి అద్దాల మేడల వైపు చూపించాడు. “గా రెండోది ఉన్నది సూడుండ్రి, గాడ మా తాత జొన్నలు ఏసెటోడు. మాకు ఎన్నడో పోయింది మేడం. గా రెండోదాంట్ల నేను ఎన్నడు అడుగు బెట్టలె.” కోపంగా అనలేదు. దారి చూపించినట్టు చెప్పాడు. నేను అఖిల బరువు రాసుకున్నాను.

ఒక పూట ఆకలి

మర్నాడు తొమ్మిదింటికి ఆపరేషన్. మత్తిచ్చేటప్పుడు కడుపులో ఏమున్నా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అందుకని ముందు రాత్రి అన్నం తర్వాత అఖిలకు ఏమీ పెట్టలేదు. చిన్నపిల్లలకు మత్తిచ్చే డాక్టరు ఆ ఆసుపత్రికి ఒక్కరే, రహీంగారు. తార్నాకలో ఉంటారు. ఎనిమిదిన్నరకు ఫోన్ చేశారు.

“అమ్మా, యూనివర్సిటీ కాడ బంద్ చేసిండ్రు. కారు కదుల్తలేదు. పది వరకు వస్త.”

పది అన్నారు కదా అని ఎనిమిదిన్నరకు రెండు గుక్కల నీళ్ళు పట్టించాను. పదికి మళ్ళీ ఫోన్, పన్నెండు అన్నారు. పదిన్నరకు ఏడుపు మొదలైంది. “నీళ్ళొద్దు. బువ్వ” అంటోంది. నర్సు కరుణ జహీరాబాదు దగ్గర పల్లెటూరి మనిషి. చర్చిలో పాటలు పాడుతుందిట. అఖిలను చంకనేసుకుని వరండా అంతా తిప్పుతూ పాడింది. పాట ఆగగానే ఏడుపు అందుకుంటుంది. నేను వరండా ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తున్నాను. అన్నం పెట్టేస్తే ఇవాళ్టికి ఆపరేషన్ లేనట్టే. పెట్టకపోతే, ఆయన ఏ క్షణమైనా రావచ్చు, రాకపోనూ వచ్చు. సునీత చేతికట్టు పట్టుకుని “కాసేపు కూర్చోవే, కళ్ళు తిరుగుతున్నాయి నాకు” అంది.

పన్నెండు దాటాక రహీంగారు వెనక్కి ఇంటికి వెళ్ళిపోతున్నానని చెప్పారు. టియర్ గ్యాస్ కొట్టారట.

“పెట్టెయ్యండమ్మా అన్నం” అన్నాను.

అప్పటిదాకా ఒక్క మాటా అనని మణెమ్మ లేచి నిలబడింది. “పొద్దుగాల కెళ్ళి ఎండబెట్టి గిప్పుడు పెట్టుమంటవా? మీ డాక్టర్లు టయానికి రారు, నా బిడ్డ ఎండాల్నా? నాలుగుసార్లయింది గిది. నాలుగుసార్లు దానికి కత సెప్పి తోల్కొస్తి.”

క్షమించమన్నాను. ఆమె వినలేదు. కరుణ ఇడ్లీ తెచ్చింది. అఖిల ఎడమ చేత్తో గబగబా తింటుంటే చూడలేక బయటికొచ్చేశాను. సందు చివర ఇరానీ హోటల్లో చాయ్ తెప్పించుకున్నాను. మా కాఫీ హోటళ్ళలో గ్లాసు ఖాళీ అవగానే బల్ల తుడుస్తారు. ఇక్కడ అరకప్పు చాయ్‌తో పూటంతా కూర్చున్నా ఎవరూ అడగరు. నేనే పది నిమిషాలు కూర్చోలేకపోయాను.

తిరిగి వచ్చేసరికి యాదగిరి గేటు దగ్గర ఉన్నాడు.

“మేడం, గా మత్తు డాక్టర్ ఇల్లు ఏడనో జెప్పుండ్రి. రేపు నేను పోయి తోల్కొస్త.”

“రోడ్లు మూసేశారుగా?”

“మూసింది ఎవరు మేడం? మావోళ్ళే. నాకు రోడ్లు ఎర్కే.”

తార్నాక నుంచి

యాదగిరి తెల్లవారగానే వెళ్ళాడు. ఎనిమిదయింది, రాలేదు. ఎనిమిదిన్నరకు ఫోన్ తియ్యలేదు. మణెమ్మ నావైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చుంది. అఖిల ఇవాళ ఏడవలేదు. ఏడ్చినా లాభం లేదని తెలుసుకున్నట్టుంది. అది చూస్తే నాకు నిన్నటి ఏడుపే నయమనిపించింది.

తొమ్మిదింబావుకు మోటారు సైకిలు చప్పుడు. వెనక రహీంగారు. అరవై ఏళ్ళ భారీ మనిషి. ఒళ్ళో మందుల సంచీ, చేతిలో గులాబీ రంగు జెండా. దిగి మోకాళ్ళు పట్టుకుని నిలబడ్డారు.

“అరే అమ్మా, ముప్పై ఏండ్లల్ల గిట్ల డ్యూటీకి రాలె నేను. మూడు చోట్ల ఆపిండ్రు. ఈయన ప్రతీ చోట నా బిడ్డ ఆపరేషన్ అని చెప్పుడు, వాళ్ళు నా చేతుల జెండా పెట్టుడు. ఒకడు, నారా కొట్టు చాచా, జై తెలంగాణ అను, పొమ్మంటం అన్నడు.”

“కొట్టారా?” అంది సునీత.

“కొట్టిన. గొంతు పోయింది. జర నీళ్ళియ్యుండ్రి.”

యాదగిరి నవ్వలేదు. కూతురి దగ్గరికి వెళ్ళి, ముడుచుకున్న ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. పిలిచేదాకా వదల్లేదు.

నడి వేలు

మాస్కు దగ్గరికి తెస్తుంటే అఖిల “నేను నిద్రపోను” అంది మళ్ళీ. పది లెక్కపెట్టమన్నారు రహీంగారు. ఆరు దగ్గర ఆగిపోయింది. కరుణ కళ్ళు మూసుకుని పెదవులు కదిలించింది. నేను చేతి పైభాగాన రక్తం ఆపే పట్టీ బిగించి కత్తి అందుకున్నాను. సునీత నా కుడి భుజం వెనక.

చిటికెన వేలు తేలిగ్గా విడింది. ఉంగరపు వేలూ వచ్చింది. నడి వేలి దగ్గర మచ్చ లోతుకు దిగి నరాల్ని, రక్తనాళాల్ని పట్టేసుకుంది. పోగు పోగుగా విడదీశాను. మధ్యలో కరెంటు పోయింది. జనరేటరు అందుకునేదాకా చీకట్లో కత్తి పైకెత్తి పట్టుకుని, అఖిల ఊపిరి చప్పుడు వింటూ నిలబడ్డాను. బొగ్గు గనుల్లోనూ సమ్మె కాబట్టి ఇది రోజూ ఉండేదేనట.

దీపాలు వచ్చాక నడి వేలు కూడా చాపాను. మూడు వేళ్ళూ బల్ల మీద తిన్నగా పరుచుకున్నాయి. పట్టీ వదులు చేశాం. చిటికెన వేలు ఎర్రబడింది, ఉంగరపు వేలు ఎర్రబడింది. నడి వేలు తెల్లగా ఉండిపోయింది, సున్నం రాసినట్టు.

“వంచు” అంది సునీత.

“ఒక్క నిమిషం.”

“వంచవే. నాళం సాగిపోయింది, చిన్నప్పటినుంచీ కుదించుకుపోయి ఉంది. అంత చాపితే రక్తం రాదు.”

వంచితే ఆ వేలు పూర్తిగా తెరుచుకోదు. నాలుగుసార్లు కథ చెప్పి తీసుకొచ్చిన తల్లికి తిన్నని చెయ్యి ఇవ్వాలని ఉంది నాకు. నిమిషం గడిచింది. వేలు మారలేదు. గోరువెచ్చని ఉప్పునీళ్ళ గుడ్డ చుట్టి, వేలిని కొంచెం వంచాను. ఏమీ లేదు. ఇంకొంచెం వంచాను. రహీంగారు తల దగ్గరనుంచి, “తొందర లేదమ్మా, పిల్ల మంచిగున్నది. ఎంతసేపన్న తీస్కో” అన్నారు. ఆ మాటకు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

గుడ్డ తీసి చూస్తే గోరు కింద సన్నటి గులాబీ చార. చూస్తుండగానే పాకింది. అక్కడే ఆపేశాను. గజ్జల నుంచి తీసిన చర్మాన్ని మూడు ముక్కలు చేసి, ఒక్కో అంచూ ఊపిరి బిగబట్టి కుట్టాను. పైన దూది ఉండ పెట్టి దారాలతో బిగించి, చెయ్యి కదలకుండా మోచేతి దాకా కట్టు వేశాం. మొత్తం మూడు గంటలు. బయటికొచ్చి, “ఒక వేలు కొంచెం వంగే ఉంటుందమ్మా” అని మణెమ్మతో చెప్పాను.

“బతికిందా?” అంది. వేలు గురించి అడిగిందో, పాప గురించి అడిగిందో తెలియలేదు. రెండింటికీ అవుననే చెప్పాను.

కూకట్‌పల్లి, ఒక బస్సు

నా టికెట్టు మర్నాటిది. కట్టు సునీత విప్పుతుంది, దానికి ఎడమ చెయ్యి బాగానే ఉంది. కాకినాడలో నా పేషెంట్లు కాచుకుని ఉన్నారు. పొద్దున్నే అఖిలను చూసి, కట్టులోంచి బయటికి కనిపిస్తున్న గోళ్ళు నొక్కి, రంగు చూసి బయలుదేరాను.

బస్సు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ దగ్గర ఎక్కాలి. అక్కడికి వెళితే మా గోదావరి జిల్లాకు వచ్చినట్టే ఉంటుంది. కొట్లో పూతరేకులు, కాజాలు, ఉప్పాడ చీరలు. స్వీటు కొట్టాయన తణుకు మనిషట. పొట్లం కడుతూ నెమ్మదిగా అడిగాడు: “మీరు చదువుకున్నోరు కదండీ. ఇక్కడ ఇల్లు కొనుక్కున్నామండి. ఉంచమంటారా, అమ్మెయ్యమంటారా?” నాకేం తెలుసు! యాదగిరి తాత జొన్న చేను గుర్తొచ్చింది. డబ్బులిచ్చి పొట్లం తీసుకున్నాను.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. ఆ దూది ఉండ కింద ఏం జరుగుతోందో అని నా బొటనవేలు నా నడి వేలిని నొక్కుతూనే ఉంది. మెడ బాబుకి ఐదో రోజు కట్టు విప్పింది నేను కాదు. ఊరెళ్ళాను. వేరే డాక్టరు విప్పి ఫోన్ చేశాడు. ఆ తల్లి మొహం నేను చూడలేదు. ఆరేళ్ళూ ఆమె మొహం రకరకాలుగా ఊహించుకుంటూనే ఉన్నాను.

సంచీ తీసుకుని దిగిపోయాను.

“టికెట్ పైసలు వాపస్ రావు మేడం!” అని క్లీనరు అరిచాడు.

ఊరికే తిరిగిన రోజులు

మా ఆయనకు ఫోన్ చేస్తే, “నువ్వు దిగుతావనే అనుకున్నాను” అన్నారు. ఉన్న నాలుగు రోజుల్లో చార్మినార్ చూశావా, గోల్కొండ చూశావా అని అడగకండి. పొద్దునా సాయంత్రం వేళ్ళ రంగు చూడటం, మధ్యలో కాలు నిలవక మాదాపూర్, గచ్చిబౌలి రోడ్లు తిరగడం. ఒక చాయ్ బండి దగ్గర కరీంనగర్ అమ్మాయి ఒకతె పరిచయమైంది, సాఫ్ట్‌వేరు. “మా ఆఫీసుల లంచ్ టేబుల్స్ రెండైనయి మేడం. ఎవ్వరు ఏమనలే. ఆటోమేటిగ్గ అయినయి. నా రూమ్మేట్ గుంటూరు. ఇంట్ల మంచిగనే ఉంటం, గీడ మాత్రం చెరొక దిక్కు కూసుంటం” అంది. చెబుతూ నా టీకి కూడా డబ్బులిచ్చేసింది.

బతుకమ్మ రోజులవి. సునీత వాళ్ళ అపార్టుమెంటు సెల్లారులో సాయంత్రం తంగేడు పూలూ, గునుగు పూలూ గుండ్రంగా పేర్చి ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడారు. మా వైపు పువ్వులు దేవుడికి పెడతాం. ఇక్కడ పువ్వులే దేవత. సునీత గుంటూరు మనిషైనా ఒంటిచేత్తో తొడ మీద చరుచుకుంటూ తిరిగింది. నన్నూ లాగారు. అడుగు తడబడింది, ముందున్నావిడ చీర తొక్కాను. అందరూ పూలు చూస్తుంటే నేను అరచేతులు చూస్తున్నాను. ఎంతమందికి వేళ్ళు తిన్నగా తెరుచుకుంటాయో అంతకుముందెప్పుడూ గమనించలేదు.

ఐదో రోజు

విప్పడానికి ముందు కట్టు వాసన చూస్తాం. కుళ్ళితే ముక్కుకే ముందు తెలుస్తుంది. వాసన లేదు. దారాలు ఒక్కొక్కటే కత్తిరించాను. దూది అంటుకుపోయి రావడం లేదు. ఉప్పునీళ్ళు పోసి నానబెట్టాం. అఖిల తండ్రి ఒళ్ళో కూర్చుని కళ్ళార్పకుండా చూస్తోంది.

చిటికెన వేలి చర్మం గులాబీగా ఉంది. ఉంగరపు వేలిది కూడా. నడి వేలి మీద, పై కణుపు దగ్గర, చింతగింజంత మేర నల్లగా ఉంది.

సునీత నోరు విప్పబోతే ఆపాను. ఈసారి నేనే చెప్పాలి.

“రెండు వేళ్ళకి పూర్తిగా పట్టిందమ్మా. నడి వేలికి ఇక్కడ కాస్త పట్టలేదు. ఈ నల్లది ఊడిపోతుంది. మానుతుంది గాని వేలు కొద్దిగా వంగే ఉంటుంది. పెద్దయ్యాక మళ్ళీ ఒక చిన్న ఆపరేషన్ కావాల్సి రావచ్చు. నేను అనుకున్నంత బాగా రాలేదు.”

మణెమ్మ ముందుకు వంగి చూసింది. నేను ఆరేళ్ళుగా ఊహించుకున్న మొహాల్లో ఇది లేదు. ఆమె నల్ల మచ్చను చూడటం లేదు. వేళ్ళ మధ్య ఖాళీలను చూస్తోంది.

“గీ సందుల్ల గాలి ఆడుతది ఇగ” అంది.

అఖిల తన అరచేతిని మొదటిసారి చూసుకుంటోంది. తల్లి చెయ్యి లాగి పక్కన పెట్టుకుంది. “అమ్మా, నీకు గీతలున్నయి. నాకు లెవ్వేంది?”

గజ్జల చర్మం మీద గీతలుండవు. నేను నోరు తెరిచేలోపే మణెమ్మ అంది: “గీతలెందుకే? అన్నం కలుపుకుంటె సాలు.”

యాదగిరి లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. చాలాసేపు రాలేదు.

మర్నాడు బస్సెక్కాను. దారిలో ఎక్కడా ఆపలేదు. విజయవాడ దాకా నిద్రపోయాను.

కాకినాడకు ఒక ఫోన్

ఆ తర్వాత నెలల తరబడి అఖిల చేతికి బద్ద కట్టుకుని పడుకోవాలి, రోజూ వేళ్ళు చాపే వ్యాయామం చెయ్యాలి. సునీత ఫోన్లో చెబుతూ ఉండేది. మొన్న ఆదివారం మణెమ్మే స్వయంగా చేసింది. గొంతులో కోపం వినగానే నాకు ఆ నల్ల మచ్చే గుర్తొచ్చింది.

“మేడం, గీ పిల్లను జర మీరన్న భయం జెప్పుండ్రి. పక్కింటోళ్ళ పోరిని సెంప మీద కొట్టింది. వాళ్ళమ్మ వచ్చి మస్తు లొల్లి పెట్టింది.”

“ఏ చేత్తో?”

“ఏ చేత్తో ఏంది మేడం, ఆపరేషన్ చేతితోనే.”

“చెంప మీద అచ్చులు పడ్డాయా? ఎన్ని వేళ్ళవి పడ్డాయి?”

ఫోన్లో ఆమె ఎవరినో పిలిచి అడిగిన చప్పుడు. మళ్ళీ లైన్లోకి వచ్చేసరికి కోపం పోయింది.

“నాలుగు పడ్డయంట మేడం. నడిమిది జర తక్కువ పడ్డదంట.”